పక్షులు దూరంగా చుక్కల్లానే కనిపించడానికి కారణం ఆటుపోట్లు

తీరపు చిత్తడిలో పక్షులు ఎప్పుడూ దూరంగా చుక్కల్లానే కనిపిస్తున్నాయి, బైనాక్యులర్ లోపమా అని అడిగారు. మీ బైనాక్యులర్ తప్పేమీ లేదు. మూడుసార్లు తెల్లవారకముందే వెళ్లానన్నారు కదా, ఆ మూడుసార్లూ ఆటు సమయం అయి ఉంటుంది. నీరు వెనక్కి పోయినప్పుడు ఉల్లంకులు (తీరపు బురదలో మేత వెతుక్కునే పక్షులు) పురుగుల కోసం బురద మేట చివరిదాకా వెళ్లిపోతాయి. అడవి పక్షులకు తెల్లవారుజాము చూసుకోవాలి గానీ, తీరపు చిత్తడిలో ముందు చూడాల్సింది నీటినే.

1. ఆ రోజు పోటు వేళలు పట్టికలో చూడండి. అవి రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి, కాబట్టి నిన్నటి వేళ పనికిరాదు.

2. చాలామంది వదిలేసేది ఇదే: పట్టికలో ఉండే వేళ రేవుది, మీరు నిలబడే చోటుది కాదు. పాయ లోపలికి వెళ్లేకొద్దీ పోటు ఆలస్యంగా వస్తుంది. ఒక రోజు ఊరికే కూర్చుని, ఒడ్డున ఒక కర్ర గుర్తుగా పెట్టుకుని, నీరు ఎప్పుడు ఆగిందో రాసుకోండి. ఆ తేడా తెలిస్తే మిగతా రోజులకు లెక్క కుదురుతుంది.

3. పోటుకు రెండు గంటల ముందే చేరి, సూర్యుడు వీపు వైపు ఉండేలా కదలకుండా కూర్చోండి. నీరే పక్షులను మీ దగ్గరకు తెస్తుంది. ఆ దృశ్యం నాకు ప్రాణం!

4. అమావాస్య, పౌర్ణమి తర్వాత ఒకటి రెండు రోజులు పోటు పెద్దది.

నిండు పోటులో గట్ల మీద గుంపుగా విశ్రాంతి తీసుకునే వాటి దగ్గరకు దయచేసి వెళ్లకండి. వలస పక్షులకు ప్రతి అనవసరపు ఎగురుడూ శక్తి నష్టమే. బురదలోకి అసలు దిగకండి.