సిలికా నానో కణాలు: చిట్టెలుకల కాలేయంలో కనిపించినది

ప్రశ్న: మా అమ్మాయి ఫార్మసీ చదువుతోంది. సిలికా నానో కణాలు ఎలుకల అవయవాలను దెబ్బతీస్తాయని తరగతిలో చెప్పారట. మా ఇంట్లోని మసాలా పొడి పొట్లం మీద కూడా ‘గడ్డకట్టకుండా చేర్చినది: 551’ అని ఉంది. అది సిలికాయే కదా, భయపడాలా?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: అవునమ్మా, 551 అంటే సిలికాయే. రామకృష్ణా బీచ్‌లో మీ పాదాలకు అంటుకునే ఇసుకలోనూ అదే ఉంది. కాకపోతే అర మిల్లీమీటరు ఇసుక రేణువుతో పోలిస్తే 70 నానోమీటర్ల (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు) కణం ఏడు వేల రెట్లు చిన్నది. చిక్కంతా ఆ పరిమాణంలోనే ఉంది. జపాన్ పరిశోధకులు 70 నానోమీటర్ల కణాలను చిట్టెలుకల రక్తనాళంలోకి ఎక్కించినప్పుడు కాలేయం దెబ్బతిన్నది; 300, 1000 నానోమీటర్ల కణాలతో అలా జరగలేదు. రక్తంలో వచ్చే పరాయి రేణువులను మింగి శుభ్రపరచడం కాలేయంలోని కుప్ఫర్ జీవకణాల పని కనుక, భారం ముందుగా వాటిపైనే పడి, వాపు మొదలవుతుంది. 2011లో వెలువడిన మరో పరిశోధనలో, కడుపుతో ఉన్న చిట్టెలుకల్లో ఆ చిన్న సిలికా కణాలు మాయను (ప్లాసెంటాను) దాటి పిండం మెదడుకు, కాలేయానికి చేరాయి. నన్ను ఎక్కువగా కలవరపెట్టినది ఇదే.

అయితే సూదితో రక్తంలోకి ఎక్కించడం వేరు, తినడం వేరు. తిన్న సిలికాలో అధికభాగం మలంతో బయటకు పోతుంది కనుక, కూరలో చెంచాడు మసాలాకు మీరు భయపడనక్కరలేదు. ఇంట్లో ఎవరైనా గ్రానైట్ కోసే పనిలో ఉంటే మాత్రం, రాయి కోసేటప్పుడు లేచి ఊపిరితిత్తులను గట్టిపరిచే స్ఫటిక సిలికా ధూళి గురించి తప్పక ఆలోచించండి: రాయిని తడుపుతూ కోయమనండి, ధూళిని ఆపే మాస్కు కట్టుకోమనండి.