మూడు ఓడి నాలుగు గెలిచిన ఆ అక్టోబర్

పోయిన సంచికలో ఒక జవాబు చివర, నేను చూసిన సీజన్లన్నిట్లో మనసులో నిలిచిపోయింది బోస్టన్ రెడ్ సాక్స్ 2004 సీజనేనని ఒక ముక్క రాశాను. దాని మీద చాలా ఉత్తరాలొచ్చాయి. బేస్‌బాల్ ఓనమాలు కూడా తెలియవని కొందరు, అమెరికాలో ఉండి నాకన్నా ఎక్కువ మ్యాచ్‌లు చూసినవాళ్ళు ఇంకొందరు. అందుకే ఈసారి శీర్షికంతా దానికే.

ప్రశ్న: అన్ని ఆటలూ చూస్తారు కదండీ, అంతమంది కప్పులు గెలిచారు. వాటిలో ఈ జట్టు, ఈ ఒక్క ఏడాదే ఎందుకు?

జవాబు: అంతకుముందు ఏడాది ఓడిపోయారు కాబట్టి. 2004 గురించి చెప్పమంటే నేను 2003 అక్టోబర్ నుంచే మొదలుపెడతాను, ఇంకోలా చెప్పడం నాకు రాదు. అప్పట్లో బోస్టన్‌లో ఆల్‌స్టన్ అనే పేటలో అద్దెకుండేవాణ్ణి. కింది వాటాలో ఇంటాయన, డెబ్బై దాటిన పెద్దమనిషి. నాకు బేస్‌బాల్ నేర్పింది ఆయనే. టీవీ పెట్టి సౌండ్ పూర్తిగా తీసేసి, పక్కనే రేడియో పెట్టుకునేవారు, ఎందుకంటే రేడియోలో చెప్పే జో కాస్టిలియోనే మన మనిషి, టీవీ వాళ్ళు అందరి మనుషులు అనేవారు.

2003లో న్యూయార్క్ యాంకీస్‌తో లీగ్ చాంపియన్‌షిప్ (ఇది గెలిస్తే ఆఖరి పోరు, వరల్డ్ సిరీస్‌కి వెళ్తారు), చెరి మూడు గెలిచి ఏడో మ్యాచ్‌కి వచ్చారు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో (మొత్తం తొమ్మిది, సమమైతే ఇంకా ఆడతారు) మనవాళ్ళు 5-2తో ముందున్నారు, ఇంక ఐదు అవుట్లు తీస్తే వరల్డ్ సిరీస్. బంతి విసిరే పిచర్ పెడ్రో మార్టినెజ్ అలిసిపోయాడని చూస్తున్న అందరికీ తెలుస్తోంది, అయినా మార్చలేదు. స్కోరు సమం అయిపోయింది. పదకొండో ఇన్నింగ్స్‌లో టిమ్ వేక్‌ఫీల్డ్ వేసిన మొదటి బంతినే ఆరన్ బూన్ అనే బ్యాటర్ స్టాండ్స్‌లోకి కొట్టాడు, అంతే, సీజన్ అయిపోయింది. ఇంటాయన టీవీ కట్టేశారు, రేడియో కట్టేశారు, లైటు కూడా కట్టేసి అదే కుర్చీలో కూర్చుండిపోయారు. ఏం మాట్లాడాలో తెలియక మెట్లెక్కి పైకి వచ్చేశాను. నేను ఈ జట్టు మనిషినయింది ఆ రాత్రే.

ప్రశ్న: 86 ఏళ్ళ శాపం అంటారు, నిజంగా అలాంటివి నమ్ముతారా?

జవాబు: నమ్మను, ఆ మాటంటేనే నాకు కోపం. రెడ్ సాక్స్ 1918లో వరల్డ్ సిరీస్ గెలిచింది. 1919 డిసెంబర్‌లో తన పెద్ద స్టార్ బేబ్ రూత్‌ని యాంకీస్‌కి అమ్మేసింది. ఆ తర్వాత యాంకీస్ 2003 నాటికి 26 టైటిళ్ళు గెలిస్తే వీళ్ళకి ఒక్కటీ లేదు, దాంతో బాంబినో శాపం అని ఒక పేరు పుట్టింది (బాంబినో అంటే రూత్ ముద్దుపేరు). 1946, 1967, 1975, 1986, నాలుగుసార్లు వరల్డ్ సిరీస్‌కి వెళ్ళి నాలుగుసార్లూ ఏడో మ్యాచ్‌లోనే ఓడారు. అలా ఓడుతుంటే జనం శాపం అనుకోవడంలో వింత లేదు.

కానీ శాపం అనేస్తే మనుషులు చేసిన తప్పులు కనపడకుండా పోతాయి. 1945లో జాకీ రాబిన్సన్ రెడ్ సాక్స్ సొంత మైదానం ఫెన్వే పార్క్‌లో ట్రయల్స్‌కి వచ్చాడు. నల్లవాడని తీసుకోలేదు. రెండేళ్ళ తర్వాత అతను బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున ఆడి ఆట చరిత్రనే మార్చేశాడు. మేజర్ లీగ్ (అమెరికాలో పైస్థాయి బేస్‌బాల్) జట్లన్నిట్లో నల్లజాతి ఆటగాణ్ణి అందరికన్నా ఆఖర్న, 1959లో తీసుకున్నది రెడ్ సాక్సే. అంత ప్రతిభని గుమ్మం దగ్గరే వెనక్కి పంపిన జట్టు గెలవకపోవడానికి బేబ్ రూత్ ఆత్మ అక్కర్లేదు. అభిమానిగా ఈ మాట రాయడం నాకు బాధే, అయినా జట్టుని ప్రేమిస్తే ఇది కూడా తెలుసుకునే ప్రేమించాలి.

ప్రశ్న: సీజన్ మధ్యలో పెద్ద స్టార్‌ని పంపించేశారట కదా. అభిమానులు ఎలా ఊరుకున్నారు?

జవాబు: ఊరుకోలేదండీ. నొమార్ గార్సియాపారా అంటే ఆ ఊళ్ళో పిల్లల గోడల మీద పోస్టరు. 1999, 2000 రెండేళ్ళూ లీగ్‌లో బ్యాటింగ్ టైటిల్ అతనిదే. జులై 31న, ఆటగాళ్ళని మార్చుకోవడానికి ఆఖరి రోజున, జనరల్ మేనేజర్ థియో ఎప్‌స్టీన్ అతన్ని చికాగో కబ్స్‌కి పంపించేశాడు. ఎప్‌స్టీన్‌కి అప్పటికి నిండా ముప్ఫై ఏళ్ళు. బదులుగా వచ్చిన ఓర్లాండో కాబ్రెరా, డగ్ మెంట్‌కేవిచ్ ఇద్దరికీ ఫీల్డింగ్‌లో మంచి పేరుంది కానీ పోస్టర్లు వేసే మనుషులు కారు. ఇంటాయన రెండు రోజులు రేడియో పెట్టలేదు.

ఇప్పుడు చూస్తే ఆ నిర్ణయమే సరైందనిపిస్తుంది. పరుగులు బాగానే వస్తున్నాయి, చేతికొచ్చిన బంతులు వదిలేయడం వల్లే మ్యాచ్‌లు పోతున్నాయి. ఆగస్ట్ రెండో సగం నుంచి జట్టు తీరే మారిపోయింది. మొత్తం 98 గెలిచి, 101 గెలిచిన యాంకీస్ వెనక వైల్డ్ కార్డ్‌గా (తమ విభాగంలో మొదటి స్థానం రాకపోయినా మంచి రికార్డుకి దక్కే చోటు) ప్లేఆఫ్స్‌కి వచ్చారు. అన్నట్టు అదే జులై 31న లాస్ ఏంజెలెస్ నుంచి ఇంకొకతను కూడా వచ్చాడు. పత్రికల్లో చిన్న వార్త. అతని పేరు డేవ్ రాబర్ట్స్.

ప్రశ్న: ఆ డేవ్ రాబర్ట్స్ ఒక్క బేస్ దొంగతనం చేసినందుకే అంత పేరా? బేస్‌బాల్ తెలియని మాలాంటివాళ్ళకి అర్థమయ్యేలా చెప్పగలరా?

జవాబు: ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను.

మళ్ళీ యాంకీస్‌తోనే లీగ్ చాంపియన్‌షిప్, ఏడింట్లో నాలుగు గెలిచినవాళ్ళు ముందుకెళ్తారు. మొదటి మూడూ పోయాయి. మూడోదైతే 19-8, అదీ సొంత మైదానంలో. ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో మొదటి మూడూ ఓడి గెలిచిన జట్టు మేజర్ లీగ్‌లో అప్పటిదాకా ఒక్కటీ లేదు. అక్టోబర్ 17, ఆదివారం రాత్రి నాలుగో మ్యాచ్. తొమ్మిదో ఇన్నింగ్స్, యాంకీస్ 4-3తో ముందుంది, బంతి మరియానో రివెరా చేతిలో ఉంది. ఆఖరి ఇన్నింగ్స్ వేయడంలో అతన్ని మించినవాడు బేస్‌బాల్‌లో పుట్టలేదు. ఇంకో మూడు అవుట్లు తీస్తే మనకి మళ్ళీ చలికాలమే.

కెవిన్ మిల్లర్ కొట్టలేనంత పక్కగా నాలుగు బంతులు పడ్డాయి, దాన్ని వాక్ అంటారు, ఊరికే ఫస్ట్ బేస్ ఇస్తారు (మైదానంలో నాలుగు బేస్‌లు, వరసగా చుట్టి బ్యాటింగ్ చేసిన చోటికి, అంటే ఇంటికి, వస్తే ఒక పరుగు). మిల్లర్ పరుగులో నెమ్మది. కోచ్ టెర్రీ ఫ్రాంకోనా అతన్ని బయటికి పిలిచి, బదులుగా పరిగెత్తడానికి రాబర్ట్స్‌ని పంపాడు. రాబర్ట్స్ అప్పటికి పది రోజులుగా బెంచీ మీదే ఉన్నాడు. ఆ సీజన్‌లో 41 సార్లు బేస్ కొట్టేయడానికి ప్రయత్నించి 38 సార్లు దక్కించుకున్న మనిషి. స్టేడియంలో ముప్ఫై అయిదువేల మందికీ, యాంకీస్‌కీ, టీవీ ముందున్న మాకూ తెలుసు, ఇతను పరిగెత్తడానికే వచ్చాడని.

బేస్ కొట్టేయడం అంటే ఇదీ. బ్యాటర్ కొట్టేదాకా ఆగకుండా, పిచర్ బంతి విసరడం మొదలుపెట్టగానే తర్వాతి బేస్‌కి పరుగు తీయడం. క్రికెట్‌లో నాన్ స్ట్రైకర్ ముందే క్రీజు దాటి నిలబడినట్టు ఇక్కడా రన్నర్ బేస్ వదిలి ముందుకొచ్చి నిలబడతాడు, తేడా ఏమిటంటే ఇక్కడది తప్పు కాదు, ఆటలో భాగం. పిచర్ చూసి ఫస్ట్ బేస్‌కి విసిరితే ఆ లోపల వెనక్కి దూకాలి. దూకలేకపోతే అవుట్. పరిగెత్తితే క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చునేవాడు, మన వికెట్ కీపర్ లాగా) బంతి పట్టి సెకండ్ బేస్‌కి విసురుతాడు. దూరం 90 అడుగులు, మొత్తం వ్యవహారం మూడున్నర సెకన్లు కూడా పట్టదు.

రివెరా బ్యాటర్‌కి ఒక్క బంతీ వేయకుండా ఫస్ట్ బేస్‌కి విసిరాడు. రాబర్ట్స్ వెనక్కి వచ్చేశాడు. మళ్ళీ విసిరాడు. మూడోసారి కూడా విసిరాడు, ఈసారి మాత్రం తృటిలో తప్పింది. ఇంటాయన లేచి నిలబడి రేడియో మీద చెయ్యి వేసుకున్నారు. ఆ తర్వాత రివెరా బ్యాటర్‌కి మొదటి బంతి వేశాడు, రాబర్ట్స్ పరుగందుకున్నాడు. క్యాచర్ పొసాడా విసిరింది మంచి త్రో, సెకండ్ బేస్ దగ్గర జీటర్ పట్టి వెంటనే తాకించాడు, రాబర్ట్స్ చెయ్యి అంతకు వెంట్రుకవాసి ముందు బేస్ మీద పడింది. అంపైర్ సేఫ్ అని చేతులు చాపాడు. తర్వాత బిల్ మిల్లర్ (ఇతను వేరే మిల్లర్) రివెరా కాళ్ళ పక్కనుంచి మధ్యలోకి కొట్టాడు, సెకండ్ బేస్ నుంచి రాబర్ట్స్ ఇంటికొచ్చేశాడు. 4-4. ఫస్ట్ బేస్ మీదే ఉండి ఉంటే ఆ దెబ్బకి పరుగు రాదు.

పన్నెండో ఇన్నింగ్స్‌లో మన డేవిడ్ ఓర్టిజ్ హోమ్ రన్ (బంతిని మైదానం దాటించే దెబ్బ) కొట్టి గెలిపించేసరికి రాత్రి ఒంటిగంట దాటి ఇరవై నిమిషాలైంది. అదే రోజు సాయంత్రం అయిదో మ్యాచ్. అది 14 ఇన్నింగ్స్, దాదాపు ఆరు గంటలు సాగింది, దాన్ని కూడా ఓర్టిజే ముగించాడు. మొదటిది అర్ధరాత్రి దాటాక, రెండోది చీకటి పడ్డాక, రెండు మ్యాచ్‌లూ క్యాలెండర్‌లో ఒకే తారీఖున ఒకే మనిషి గెలిపించాడు. మర్నాడు ఆఫీసులో ఒక్కరికీ నిద్ర లేదు, ఎవరూ దాని గురించి ఫిర్యాదు చేయలేదు. ఆ ప్లేఆఫ్స్ మొత్తంలో రాబర్ట్స్ ఒక్కసారి కూడా బ్యాట్ పట్టలేదు. డిసెంబర్‌లో శాన్ డియాగోకి పంపించేశారు. అయినా బోస్టన్‌లో ఇప్పటికీ అతను వస్తే జనం లేచి నిలబడతారు.

ప్రశ్న: రక్తం అంటిన సాక్స్ కథ నిజమేనా, పబ్లిసిటీనా?

జవాబు: నిజమే. పిచర్ కర్ట్ షిల్లింగ్ కుడి చీలమండ దగ్గర స్నాయువుని పట్టి ఉంచే పొర చిరిగిపోయింది. మొదటి మ్యాచ్‌లో ఆ కాలుతోనే వేసి చితికిపోయాడు. టీం డాక్టరు ఆ స్నాయువు జారకుండా చర్మాన్ని లోపలి కండకి కలిపి కుట్లు వేశాడు, మామూలుగా ఎవరూ చేసే పని కాదు అది. ఆరో మ్యాచ్‌లో, యాంకీస్ సొంత మైదానంలో, కుట్ల దగ్గర రక్తం ఊరి తెల్ల సాక్స్ ఎర్రబడుతుంటే ఏడు ఇన్నింగ్స్ వేసి ఒక్కటే పరుగిచ్చాడు. 4-2 మనది. ఏడో మ్యాచ్ 10-3, స్కోరు చూస్తే అసలు టెన్షనే లేదు, జానీ డేమన్ రెండో ఇన్నింగ్స్‌లోనే గ్రాండ్ స్లామ్ (నాలుగు పరుగులు తెచ్చే హోమ్ రన్) కొట్టి కథ ముగించేశాడు.

ప్రశ్న: వరల్డ్ సిరీస్ గురించి మీరు ఒక్క మాటా చెప్పలేదేం?

జవాబు: చెప్పడానికి ఎక్కువ లేదు, అది హాయి. సెయింట్ లూయిస్ కార్డినల్స్ 105 గెలిచి వచ్చిన జట్టు, 1946లోనూ 1967లోనూ మనల్ని ఓడించిన జట్టు. నాలుగింటికి నాలుగూ గెలిచారు, ఒక్క ఇన్నింగ్స్ చివర కూడా వెనకబడలేదు. అక్టోబర్ 27న ఆఖరి మ్యాచ్ నడుస్తుండగా ఆకాశంలో సంపూర్ణ చంద్రగ్రహణం. చివరి బంతి నేల మీద దొర్లుకుంటూ పిచర్ ఫోక్ చేతిలోకి వచ్చింది, అతను నాలుగడుగులు పరిగెత్తి ఫస్ట్ బేస్‌లో మెంట్‌కేవిచ్‌కి మెల్లగా అందించాడు, జులైలో నొమార్‌కి బదులు వచ్చిన ఆ మనిషికే.

ఒక్క సంగతి మాత్రం రాయకుండా ఉండలేను. యాంకీస్ మీద గెలిచిన రాత్రి ఫెన్వే బయట గుమిగూడిన జనం మీద పోలీసులు పేల్చిన పెప్పర్ గుళిక తగిలి 21 ఏళ్ళ విద్యార్థిని చనిపోయింది. ఆ గెలుపు తలుచుకున్నప్పుడల్లా ఆ అమ్మాయి కూడా గుర్తొస్తుంది.

ప్రశ్న: 2007, 2013, 2018లో కూడా గెలిచారు కదా సార్. అప్పుడూ ఇదే సంతోషం కలిగిందా?

జవాబు: సంతోషమే, కానీ అది వేరు. 2018 జట్టు 108 గెలిచింది, ఆటపరంగా 2004 జట్టుకన్నా గొప్పదని నా అభిప్రాయం. అయితే 2018లో గెలుస్తారనుకుని చూశాను. 2004లో ఏడో మ్యాచ్‌లో ఆఖరి అవుట్ దాకా కూడా గెలుస్తామని ఇంటాయనా అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

ఆ అక్టోబర్ 27 రాత్రి రేడియోలో కాస్టిలియోనే గొంతు పెంచి, నమ్మగలరా అని అడిగినప్పుడు ఆయన ఏమీ అనలేదు. వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, చాలాసేపు అక్కడే ఉన్నారు. మర్నాడు పొద్దున్నే మూడు పేపర్లు కొన్నారు. ఒకటి తనకి, ఒకటి నాకు. మూడోది మడిచి కోటు జేబులో పెట్టుకుని కారు తీశారు. వాళ్ళ నాన్న 1918లో పదేళ్ళ పిల్లాడట, ఆ తర్వాత చనిపోయేదాకా ఇంకో గెలుపు చూడలేదట. ఆ వారం బోస్టన్ చుట్టుపక్కల శ్మశానాల్లో సమాధుల మీద రెడ్ సాక్స్ టోపీలు, జెండాలు, పేపర్లు కనిపించాయి. మా ఇంటాయన ఒక్కరే కాదు.

ప్రశ్న: ఇదంతా చదివాక ఒక్క వీడియో చూద్దామనుకుంటున్నాను. ఏది చూడమంటారు?

జవాబు: నాలుగో మ్యాచ్, తొమ్మిదో ఇన్నింగ్స్ రెండో సగం. హోమ్ రన్ల దగ్గరికి దాటేయకండి, మిల్లర్‌కి వాక్ ఇచ్చిన దగ్గర మొదలుపెట్టండి. రివెరా మూడోసారి ఫస్ట్ బేస్‌కి విసిరాక, కొద్దిలో అవుట్ తప్పించుకున్న రాబర్ట్స్ మళ్ళీ అలాగే బేస్ వదిలి ముందుకొచ్చి, మోకాళ్ళు వంచి, పిచర్ కాళ్ళ వంక చూస్తూ నిలబడతాడు. అక్కడ ఒకసారి ఆపి, అతని మొహం చూడండి.