మంగని నీతో పోట్లాడనీ

విజయవాడ,
సత్యనారాయణపురం

అమ్మాయీ,

గుంటూరు నుంచి నువ్వు పంపిన బొమ్మల కథ పన్నెండు పేజీలూ అందాయి. మొదట మాటలు చదవకుండా బొమ్మలు చూశాను. తర్వాత బొమ్మలు చేత్తో మూసి మాటలు చదివాను. రాత్రి భోజనాలయ్యాక రెండూ కలిపి చదివాను. కోల్డ్ స్టోరేజీ ముందు ఆడవాళ్ళు బారుగా కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్న గడి ఉంది చూడు, అక్కడ చాలాసేపు ఆగిపోయాను. అందరూ ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకున్నారు. అయినా ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో, ఎవరికి ఎవరి మీద కోపమో కళ్ళు చూస్తేనే తెలిసిపోతోంది. నీ వయసులో నాకా గీత రాలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఐదో పేజీ నుంచి నువ్వే కథలోకి వచ్చావు. టేబుల్ ముందు పెన్సిల్ పట్టుకుని నువ్వు, కాగితంలోంచి తల బయటపెట్టి నీ కథానాయిక మంగ. నాలుగు పేజీల పాటు మాట్లాడుకున్నారు. "నీ కథ నేను రాస్తున్నాను" అని నువ్వంటే "అవును, నేను నీ ఊహని" అంటుంది. "నీకు స్వేచ్ఛ కావాలా?" అంటే "కావాలి" అంటుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మిరపకాయల మధ్య కూర్చునే మనిషి నోట్లోంచి ఆ మాట వస్తుందా, నువ్వే చెప్పు. రెండు మాటల బెలూన్లలోనూ నీ గొంతే వినపడుతోంది. మంగ ఒక్కసారి కూడా నీ మాటకి అడ్డు చెప్పలేదు. నాకు బాధ కలిగింది అక్కడే.

నా కోటయ్య సంగతి చెబుతాను. నేను ఒక పత్రికలో వారం వారం గీసిన బొమ్మల కథ రిక్షా కోటయ్య గురించి మీ నాన్నగారు నీకు చెప్పే ఉంటారు. మొదలుపెట్టిన కొత్తలో ఒక కథ అనుకున్నాను. రైలు దిగిన ఒక పేద ముసలావిడని కోటయ్య వన్‌టౌన్‌లో వాళ్ళింటి దగ్గర దింపుతాడు. ఆవిడ చీర కొంగు ముడి విప్పి చిల్లర ఇవ్వబోతే వద్దని చెయ్యి అడ్డం పెడతాడు. ఆఖరి గడిలో కోటయ్య నవ్వు మొహం. స్క్రిప్టు రాసుకున్నప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. తీరా గియ్యబోతే ఆ నవ్వు రాలేదు. చెరిపి గీశాను, మళ్ళీ చెరిపాను. షీటు రబ్బరుకి పీచు లేచి ఇంకు పాకేలా తయారైంది. రాత్రి ఒంటిగంట. పొద్దున్నే బొమ్మ పంపాలి, ఒకటే టెన్షన్.

అప్పుడు అంచున ఖాళీలో నా బొమ్మ చిన్నది గీసి, "ఎందుకు నవ్వవు కోటయ్యా?" అని రాశాను. దాని పక్కనే వాడి తలకాయ గీశాను. మొహం చిరాగ్గా వచ్చింది. నేను కావాలని గీసింది కాదు, చెయ్యి అలా పోయింది. ఆ మొహానికి తగిన మాట ఏమిటా అని ఆలోచిస్తే, ఇది వచ్చింది: "బండి నాది కాదు బాబూ. సాయంత్రానికి అద్దె కట్టాలి. డబ్బులొద్దని నువ్వు అనిపిస్తావు, ఓనరుకి ఎవరు చెప్తారు?"

నేను సమాధానం చెప్పలేకపోయాను. వాడి బండికి రోజు అద్దె ఉంటుందని నాకు తెలుసు, మొదటి వారమే నేనే రాశాను. నా కన్నీళ్ళ కోసం దాన్ని మర్చిపోయాను. కథ మార్చాను. కోటయ్య చిల్లర తీసుకుంటాడు, లెక్క పెట్టుకుంటాడు, జేబులో వేసుకుంటాడు. తర్వాత ఆవిడ బియ్యం సంచి భుజానికెత్తుకుని మేడ మెట్లు ఎక్కుతాడు. ఆఖరి గడిలో మొహం లేదు, సంచీ కింద వంగిన వీపు. ఆ వారం వచ్చినన్ని ఉత్తరాలు మళ్ళీ ఏ వారమూ రాలేదు.

బొమ్మలేసే మనకి ఉన్న సౌకర్యం ఇది. కథ రాసేవాళ్ళకి పాత్ర నోటి మాటతో జవాబు చెబుతుంది. మనకైతే ముందు మొహం జవాబు చెబుతుంది. కనుబొమ గీత కాస్త కిందికి జారినా "నాకిష్టం లేదు" అన్నట్టే. అందుకని మంగతో మాట్లాడేటప్పుడు ముందు బెలూన్ రాయకు. నీ ప్రశ్న రాసి, మంగ మొహం గియ్యి. భుజాలు, చేతులు గియ్యి. అవి ఎలా వచ్చాయో చూసుకుని అప్పుడు మాట రాయి. దీనికోసం ఒక గీతల్లేని నోట్‌బుక్ విడిగా పెట్టుకో, అందులో రబ్బరు వాడకు. నీకు జవాబు తెలియని ప్రశ్నలే అడుగు. తెలిసినది అడిగితే అది పరీక్ష పెట్టినట్టుంటుంది, మంగ ఒప్పజెప్పేస్తుంది.

సృష్టించినవాడూ బొమ్మా మాట్లాడుకోవడం కొత్త ఆలోచన కాదని నువ్వు దిగులుపడ్డావు. దిగులెందుకు? 1914లో అమెరికాలో విన్సర్ మెకే అనే కామిక్ చిత్రకారుడు గెర్టీ అనే డైనోసార్‌ని వేల బొమ్మలుగా చేత్తో గీసి తెర మీద కదిలించాడు. ఆ తెర పక్కన తనే స్టేజీ మీద నిలబడి దానితో మాట్లాడేవాడు. అది చెప్పిన పని చేసేది, మధ్యలో మొరాయించేది. ఆయన కసురుకుంటే ఏడ్చేది. మొరాయించడమూ ఏడవడమూ కూడా ఆయన గీసినవే కదా! అయినా ఆ రెండూ లేకపోతే అది చెప్పింది చేసే బొమ్మగానే మిగిలేది. కార్టూనిస్టు ఆర్.కె. లక్ష్మణ్ గీసిన గళ్ళ కోటు కామన్ మ్యాన్‌ని తీసుకో. 1951లో మొదలై దశాబ్దాల పాటు నోరు విప్పకుండా నిలబడి చూస్తూనే ఉన్నాడు. మంగ ఒక పేజీ అంతా నీకు జవాబు చెప్పకపోయినా ఫర్వాలేదు. ఆ మౌనాన్ని పూర్తిగా గియ్యి, కంగారుపడి మాటలతో నింపకు.

మంగ భాష గురించి. "స్వేచ్ఛ", "ఊహ" లాంటి మాటలు నీవి, నీ కాలేజీవి. మంగ "ఏంది?", "ఎట్టా వచ్చుద్ది?" అనే మనిషి. మొదటి పేజీల్లో పక్కనామెతో అలాగే మాట్లాడింది, నీ ఎదురుగా వచ్చేసరికి పుస్తకం చదివినట్టు మాట్లాడుతోంది. ముళ్ళపూడి రాసి బాపు గీసిన బుడుగు తన సంగతులన్నీ తన మాటల్లోనే చెబుతాడు, పెద్దవాళ్ళ ముందైనా ఆ మాట మార్చుకోడు. ఒకవేళ నీ ముందు మంగ మాట మార్చుకుంటే, ఎందుకు మార్చుకుందో అదీ కథే అవుతుంది. నీ చేతిలో రబ్బరుందని మంగకి తెలుసు కదా. తనని చెరిపేసే శక్తి ఉన్న మనిషితో కూలిమనిషి ఎలా మాట్లాడుతుంది? ఇది ఆలోచించు. పొట్లం కట్టినట్టు నీ పేజీల్లో లోపలెక్కడో దాగి ఉన్న కథ ఇదేనని నాకు అనిపిస్తోంది. తొడిమలు తీసినందుకు మంగకి కిలోకింత అని కూలి. "నా బొమ్మకి నీకెంత ఇస్తారు?" అని మంగ అడిగితే నువ్వేం చెబుతావు? చెప్పలేకపోతే, చెప్పలేని నీ మొహమే గియ్యి.

లెటరింగ్, అంటే బెలూన్లలో చేత్తో అక్షరాలు రాయడం విషయంలో చిన్న మాట. మన అక్షరాలకి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. "స్త్రీ", "రాష్ట్రం" లాంటి మాట పడితే కింది వరస తలకట్టుకి తగులుతోంది. వరసల మధ్య జాగా పెంచు, బెలూన్ ముందు గీసి అందులో మాటలు ఇరికించకు. మాటలు రాసుకున్నాకే దాని చుట్టూ బెలూన్ గియ్యి. ఎడమ పక్క నిలబడినవాళ్ళే ముందు మాట్లాడాలి. ఏడో పేజీలో మంగ కుడివైపు ఉండి ముందు మాట్లాడింది, రెండుసార్లు చదివితే గానీ అర్థం కాలేదు.

మరొకటి, ఇది మనసులో ఉంచుకో. మూడేళ్ళ తర్వాత కోటయ్యని ఆ పత్రికవాళ్ళు ముందు చెప్పకుండా ఆపేశారు. ఆఖరి గడిలో వాడు ఏలూరు రోడ్డు మీద వానలో రిక్షా టాపు ఎత్తుతున్నాడు, కింద "తరువాయి వచ్చేవారం" అని ఉంది. ఇప్పటికీ వానాకాలం మొదటి జల్లు పడ్డరోజున వాడికోసం ఒక గడి గీస్తాను. వాడు ఇంకా ఇల్లు చేరలేదు. పత్రికకి ఇచ్చేముందే నీ కథ చివరిదాకా గీసి పెట్టుకో. మంగని నడిరోడ్డు మీద వదిలెయ్యకు.

ఐదు నుంచి ఎనిమిది దాకా పేజీలు మళ్ళీ గియ్యి. అంతకంటే ముందు ఒకపని చెయ్యి. ఆ ఆడవాళ్ళని అడిగి, వాళ్ళ పక్కన కూర్చుని ఒక గంట తొడిమలు తియ్యి. నువ్వు మంగ చేతుల్ని నున్నగా, సన్నగా గీశావు. మంగ మొదట నిన్నడిగేది దాని గురించే అయ్యుంటుంది. మండుతున్న చేతులతోనే ఇంటికి వచ్చి ఐదో పేజీలో మొదటి గడి గియ్యి. కళ్ళు మాత్రం నలుపుకోకు.

ఆశీస్సులతో,
మాస్టారు