కొసరు వేస్తే క్లయింట్‌కు కోపమెందుకు?

ప్రశ్న: మాదాపూర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్‌ని. స్టాక్ రిపోర్టు ఎక్సెల్‌లో డౌన్‌లోడ్ అయితే చాలన్నాడు క్లయింట్. మా కుర్రాళ్లు ఉత్సాహంగా రెండు రాత్రులు కూర్చుని రంగురంగుల గ్రాఫులు, వాట్సాప్ అలర్టు కూడా పెట్టేశారు, పైసా అడగకుండా. మెచ్చుకోకపోగా "ఇవెవరు అడిగారు?" అని మెయిల్ పెట్టి, పని సరిగ్గా అందిందని ఒప్పుకునే సైన్‌ఆఫ్ ఆపేశాడు. ఎక్కువ ఇవ్వడం కూడా తప్పేనా సార్?
– ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: తప్పేనండీ. మెహిదీపట్నం రైతు బజార్లో కూరలతో పాటు రెండు కరివేపాకు రెబ్బలు కొసరు వేస్తే సంతోషిస్తాం, అక్కర్లేకపోతే ఇంటికెళ్లి పారేస్తాం. మీ అలర్టును అతను అలా పారేయలేడు పాపం. దాన్ని టెస్ట్ చేయించాలి, స్టాక్ లెక్కలు ఎవరెవరి ఫోన్లలో పడుతున్నాయో వాళ్ల సెక్యూరిటీ టీమ్‌కు సంజాయిషీ ఇచ్చుకోవాలి, మెసేజ్‌ల ఖర్చు ఎవరిదో తేల్చాలి. రేపు అది ఆగిపోతే ఫోన్ మీకే వస్తుంది, ఆ రిపేరూ ఉచితమే!

అడగనిది ఇలా కలిపి ఇవ్వడాన్ని గోల్డ్ ప్లేటింగ్ అంటారు. చాలామంది స్కోప్ క్రీప్‌తో కలిపేస్తారు గానీ, అది ఎక్కువగా అవతలివాళ్లు "ఇదొక్కటి, ఇంకొక్కటి" అంటూ లెక్కాపత్రం లేకుండా పెంచుకుంటూ పోయేది, ఇది మన చేత్తో మనం తెచ్చుకునేది. క్వాలిటీకి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 9000 ప్రకారం చూసినా క్వాలిటీ అంటే అవసరాలు ఎంతవరకు తీరాయన్నదే. మీరు రాయలేదు కానీ అడుగుతున్నా, పదివేల వరుసలున్నప్పుడు ఆ ఎక్సెల్ ఎంతసేపటికి డౌన్‌లోడ్ అవుతోందో, తేదీల కాలమ్‌లో రోజూ నెలా తారుమారవుతున్నాయేమో ఎవరైనా చూశారా? ఆ రెండు రాత్రుల్లో ఒకటి దానికి పెట్టి ఉండాల్సింది.

ముందు ఆ గ్రాఫులు, అలర్టు రెండూ తీసేసి, అడిగిన రిపోర్టు మాత్రం మళ్లీ టెస్ట్ చేసి పంపండి. స్క్రీన్ మీద కనపడకుండా దాచి ఊరుకుంటే కుదరదు, కోడ్ లోపలే ఉంటుంది. గ్రాఫులు నిజంగా పనికొస్తాయనిపిస్తే ఎన్ని రోజులు, ఎంత ఖర్చు అని రాసి చేంజ్ రిక్వెస్ట్‌గా, అంటే అనుకున్న పనిలో మార్పు కోరే కాగితంగా, విడిగా అడగండి, ఒప్పుకుంటే డబ్బులు తీసుకునే చేయొచ్చు. ఇకపై ప్రతి టాస్క్ పక్కన అది క్లయింట్ అడిగినవాటిలో ఏ రిక్వైర్‌మెంట్ నంబర్ కోసమో రాయించండి. నంబర్ లేని టాస్క్ ఎవరూ ముట్టుకోకూడదు. కుర్రాళ్లను మాత్రం తిట్టకండి, వాళ్ల ఐడియాలకు ఒక షీట్ తెరిచి పెట్టండి, నెలకోసారి క్లయింట్ కాల్‌లో వాళ్లచేతే చెప్పించండి.