పాత చర్చిలో ఏ గోడ ఎప్పటిదో ఎలా తెలుస్తుంది? ఎస్కమ్‌లో నేను తప్పులో కాలేసిన సంగతి

మీ ప్రశ్న ఇది: ఇంగ్లండ్ పల్లెటూళ్లలో పాత చర్చి ముందు బోర్డు మీద ఒకటే శతాబ్దం రాసి ఉంటుంది, తీరా చూస్తే ఒక్కో గోడ ఒక్కోలా ఉంటుంది, ఏది ఎప్పటిదో మామూలు మనిషి ఎలా పోల్చుకోవాలి అని. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు. ఉద్యోగం కోసం ఉత్తర ఇంగ్లండ్‌లోని డర్హమ్ దగ్గర కొన్నేళ్లు ఉన్నాను, అక్కడి ఎస్కమ్ చర్చికి నాలుగైదుసార్లు వెళ్లాను. మొదటిసారి అంతా తప్పే చెప్పాను కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

ఎస్కమ్ అంటే బిషప్ ఆక్లండ్ పక్కనున్న చిన్న ఊరు. గుండ్రటి ప్రహరీ మధ్యలో చర్చి, చుట్టూ మొన్నమొన్నటి మామూలు ఇళ్లు, ఎదురుగా ఒక పబ్. చర్చిని 670-675 ప్రాంతంలో కట్టారని అంచనా. మేం వెళ్లేసరికి తాళం వేసి ఉంది. తాళంచెవి దగ్గర్లోని ఓ ఇంటి బయట కొక్కేనికి వేలాడుతోంది, ఎవరికి వాళ్లు తీసుకుని చూసి మళ్లీ తగిలించి పోవడమే. ఊరినుంచి వచ్చిన మా అమ్మకి చర్చి కంటే అదే వింత. "పూజారిగారు ఎప్పుడొస్తారా అని గుమ్మంలో కూర్చోనక్కర్లేదన్నమాట" అంది.

లోపలికెళ్లాక గైడు వేషం కట్టాను. కింద ఉన్న పెద్ద కిటికీలు చూపించి, "ఇవే అసలువి, ఆ పైనున్న చిన్న కంతలు తర్వాత ఎప్పుడో గాలి కోసం పెట్టుంటారు" అన్నాను. నిజం దానికి పూర్తిగా వ్యతిరేకం. పైనున్న చిన్నవే 7వ శతాబ్దానివి. బయటినుంచి సన్నగా ఉంటాయి, లోపలివైపు గోడని వాలుగా చెక్కి వెడల్పు చేశారు, అందువల్ల వచ్చిన కొద్ది వెలుతురే హాలంతా పరుచుకుంటుంది. దక్షిణం వైపువాటికి పైభాగం గుండ్రం, ఉత్తరం వైపువాటికి అడ్డంగా ఒక బల్లపరుపు రాయి. నేను అసలువి అనుకున్న పెద్దవి 13వ శతాబ్దంలో కొన్ని, 19వ శతాబ్దంలో కొన్ని పెట్టినవి.

రాళ్ల సంగతి మాత్రం మా అమ్మే కనిపెట్టింది. గోడలో కొన్ని రాళ్ల మీద అడ్డదిడ్డంగా దగ్గరదగ్గరగా గీతలున్నాయి. చేత్తో తడిమి, "ఇదేంట్రా, తిరగలికి కక్కు కొట్టినట్టుంది" అంది. అది ఒకప్పుడు బ్రిటన్‌ని ఏలిన రోమన్ల మేస్త్రీల ఉలి పని. చర్చి కట్టినవాళ్లు కొత్త రాయి తవ్వుకోలేదు, ఆ దగ్గర్లో పాడుబడిన బించెస్టర్ రోమన్ కోట రాళ్లు తెచ్చుకున్నారు. బయట ఉత్తరపు గోడలో ఒక రాయి మీద రోమన్ల ఆరో లెజియన్ (పెద్ద సైనిక దళం) పేరు చెక్కి ఉంది, అదీ తలకిందులుగా. పేర్చినవాడికి చదవడం రాలేదో, వచ్చినా లెక్కచేయలేదో! కాబట్టి రాయి వయసు వేరు, గోడ వయసు వేరు. రాయిని చూసి గోడకి తేదీ వేస్తే ఇక్కడ ఐదారు వందల ఏళ్లు తేడా కొడుతుంది.

మరి ఎవరు కట్టించారన్న కాగితం ఏదీ లేనప్పుడు 7వ శతాబ్దమని ఎలా అంటున్నారు? పోలికల్ని బట్టి. జనం నిలబడే హాలు (నేవ్ అంటారు) వెడల్పు పద్నాలుగు అడుగుల పైచిలుకు, పొడవు దానికి మూడింతలు, గోడలు మాత్రం బాగా ఎత్తు. తూర్పున పూజ జరిగే చిన్న చదరపు గది, చాన్సెల్. రెంటికీ మధ్య ఇరుకైన ఎత్తైన ఆర్చి. ఆ ఆర్చి పక్క రాళ్లు చూడండి: ఒకటి నిలువుగా, దాని మీద ఒకటి పడుకోబెట్టి, మళ్లీ నిలువుగా. ఈ పేర్పుకి ఎస్కమ్ పద్ధతి అనే పేరే వచ్చింది. 674లో మొదలైన మంక్‌వేర్‌మత్ మఠంలోనూ, ఆ తర్వాతి జారో మఠంలోనూ ఇలాంటి పనితనమే కనిపిస్తుంది. దక్షిణపు గోడ మీద, పాము చుట్టుకున్న చిన్న నీడగడియారం కూడా ఆ కాలానిదే. దాని మీద మూడే గీతలు, ప్రార్థన వేళలకి. ఆ దేశంలో మధ్యాహ్నం సూర్యుడు ఎప్పుడూ దక్షిణానే ఉంటాడు, అందుకే అటువైపు గోడ.

ఇంకో సంగతి. చాలా ఊళ్లలో డబ్బు చేతికి రాగానే పక్క గోడలు పగలగొట్టి స్తంభాలు నిలబెట్టి చర్చిని వెడల్పు చేశారు. ఎస్కమ్‌ని అంతగా ఎవరూ కెలకలేదు. జనం పెరిగి ఇది చాలకపోతే 1863లో ఇంకోచోట కొత్త చర్చి కట్టుకున్నారు, దీని కప్పు కూలిపోయింది. 1875-80 మధ్య బాగుచేశారు. ఆ కొత్త చర్చినే 1971లో పడగొట్టేశారు!

మీరు చూసే చర్చి ఇంత పాతది కాకపోవచ్చు. కిటికీలతో మొదలుపెట్టండి. గుండ్రటి ఆర్చి, బాగా మందం గోడ అయితే 1066 తర్వాతి నార్మన్ కాలం (ఫ్రాన్స్‌నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచి ఏలిన కాలం) కావచ్చు. సన్నగా పొడుగ్గా పైన మొనదేలితే 13వ శతాబ్దం. వెడల్పాటి కిటికీలో రాతి కమ్మీలు తిన్నగా పైదాకా పోతే 15వ శతాబ్దం దరిదాపు. ఒక్క జాగ్రత్త: 19వ శతాబ్దంవాళ్లు ఇవన్నీ అనుకరించారు. అంచులు మరీ పదునుగా, రాళ్లన్నీ అచ్చు గుద్దినట్టు ఉంటే అనుమానించండి.

తర్వాత బయటికొచ్చి చుట్టూ ఓసారి తిరగండి. పూడ్చేసిన గుమ్మాలు, గోడ మీద వాలుగా మిగిలిన పాత కప్పు గీత కనబడితే అక్కడ ఒకప్పుడు ఇంకో గది ఉండేదని అర్థం. ఎస్కమ్ పడమటి గోడ మీద అలాంటి గీత ఉంది, నాకది మూడోసారి వెళ్లినప్పుడు గానీ కనబడలేదు. వీలైతే బైనాక్యులర్ పట్టుకెళ్లండి, తలకిందుల రాయి కింద నుంచి సరిగా ఆనదు.