పక్షవాతం తర్వాత వీఆర్ థెరపీ: స్కోరు కాదు, భుజం చూడండి

నాన్నగారికి పక్షవాతం వచ్చి రెండు నెలలైంది, కుడి చెయ్యి సరిగ్గా చాపలేకపోతున్నారు, కూకట్‌పల్లిలో వీఆర్ (వర్చువల్ రియాలిటీ, అంటే కళ్లకు హెడ్‌సెట్ పెట్టి కంప్యూటర్ దృశ్యాల్లో ఆటలాడించే థెరపీ) ప్యాకేజీ కట్టమంటున్నారు, కట్టాలా వద్దా అని అడిగారు కదా. నేను ఫిజియోని. ఇప్పుడు ఈసీఐఎల్, మల్కాజిగిరి వైపు ఇళ్లకెళ్లి చేయిస్తున్నాను, అంతకుముందు వీఆర్ ఉన్న క్లినిక్‌లో పనిచేశాను.

వీఆర్ పనికిరాదని అనను. కానీ ఆట దేన్ని లెక్కపెడుతుందో తెలుసుకోండి. ఎదురుగా చెట్టుకు మామిడికాయ కనిపిస్తుంది, చెయ్యి చాపి కోయాలి. మోచెయ్యి చాచుకోనివాళ్లు ఏం చేస్తారు? నడుము ముందుకు వంచేస్తారు, భుజం చెవిదాకా ఎగదీస్తారు. ఎలాగోలా చెయ్యి కాయను తాకుతుంది, పాయింట్లు పడతాయి, ఇంట్లోవాళ్లు చప్పట్లు కొడతారు. మోచెయ్యి మాత్రం ఎక్కడిదక్కడే. ఒక పెద్దాయనకు స్కోరు పెరుగుతూనే ఉండేది, అన్నం ముద్ద మాత్రం నోటిదాకా వచ్చేది కాదు.

బయోమెకానిక్స్ ల్యాబులో అయితే ఒంటిమీద మార్కర్లు అంటించి, చుట్టూ కెమెరాలు పెట్టి, మోచెయ్యి ఎంత చాచుకుంది, నడుము ఎంత వంగింది అని విడివిడిగా కొలుస్తారు. మామూలు హెడ్‌సెట్‌కు ప్రధానంగా తెలిసేది తల ఎక్కడుంది, చెయ్యి ఎక్కడుంది అన్నదే. మిగతాది పక్కనున్న మనిషి చూడాలి. నేనైతే ఛాతీని చున్నీతో కుర్చీ వీపుకి వదులుగా కట్టి ఆడించేవాణ్ణి. అప్పుడు స్కోరు ఢమాలున పడిపోతుంది, పేషెంటుకి కోపం కూడా వస్తుంది. కానీ మోచెయ్యి పని మొదలుపెట్టేది అప్పుడే.

పరిశోధనల సంగతికొస్తే, 2016లో లాన్సెట్ న్యూరాలజీ అనే వైద్య పత్రికలో ఎవరెస్ట్ అనే ట్రయల్ వచ్చింది. 141 మందిలో సగంమంది చేత టీవీ ముందు నింటెండో వీ (చేతిలో రిమోట్ పట్టుకుని కదిలిస్తూ ఆడే) గేములు, మిగతావాళ్ల చేత పేకాట, బింగో లాంటివి ఆడించారు, మామూలు థెరపీకి అదనంగా. రెండు జట్లూ మెరుగయ్యాయి, తేడా మాత్రం తేలలేదు. నాన్నగారికి రమ్మీ వస్తే ఈ సాయంత్రమే ఆ చేత్తో ముక్కలు వేయించండి, పైసా ఖర్చు లేదు! 2025లో 190 ట్రయల్స్‌తో వచ్చిన కోక్రేన్ (వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే సంస్థ) సమీక్షలో, ఇతర థెరపీతో పోలిస్తే వీఆర్‌తో చేతికి వచ్చిన లాభం కొంచెమే. ఉన్న థెరపీకి అదనంగా చేర్చినప్పుడు ఇంకాస్త మెరుగు.

కాబట్టి ఫిజియో టైములో కోతపెట్టి వీఆర్ ఇస్తామంటే వద్దనండి. హెడ్‌సెట్ తగిలించి పక్క బెడ్ దగ్గరికి వెళ్లిపోయే చోటైతే అసలే వద్దు. డబ్బు కట్టకముందే ఒక సెషన్ చేయించి, పక్కనుంచి ఫోన్లో వీడియో తీసుకోండి, భుజం, నడుము కనపడేలా.

ఇంకోటి, మీరుండేది ఉప్పల్ అన్నారు. కూకట్‌పల్లికి మెట్రోలో వెళ్తే అమీర్‌పేటలో మారాలి, ఆ జనంలో చేతికర్రతో ఆయన్ను నడిపించాలి. కారులో అయితే ఆడాల్సిన ఓపికంతా ట్రాఫిక్‌లోనే ఖర్చవుతుంది. దగ్గర్లో మంచి ఫిజియో ఉంటే నేను అటే మొగ్గుతాను. ఎక్కడ చేయించినా మొదట్లో కూర్చోబెట్టే ఆడించమనండి, తల తిరుగుతుందంటే వెంటనే హెడ్‌సెట్ తీసేయాలి. ఫిట్స్ ఎప్పుడైనా వచ్చి ఉంటే మాత్రం న్యూరాలజిస్టును అడక్కుండా హెడ్‌సెట్ పెట్టనివ్వకండి.