మీ సందేహాలు, మా జవాబులు: తుపాకీని రాష్ట్రం దాటించాలంటే

ప్రశ్న: మా పెద్దబ్బాయి డాలస్‌లో ఉంటాడు, అమెరికా పౌరసత్వం వచ్చింది. తన గ్లాక్ 19 పిస్టల్‌ని న్యూజెర్సీలో ఉన్న మా మరిదిగారి అబ్బాయికి కానుకగా పంపుతానంటున్నాడు. ఆ అబ్బాయికి గ్రీన్‌కార్డు ఉంది, వయసు 27. ఇద్దరూ అన్నదమ్ములే కదా, కొరియర్‌లో పంపేస్తే తప్పా?
– ఒక గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: తప్పేనమ్మా, అదీ ఫెడరల్ నేరం, అంటే అమెరికా కేంద్ర చట్టం కింద నేరం. అమెరికాలో 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్ ప్రకారం, డీలరు లైసెన్సు లేని మనిషి వేరే రాష్ట్రంలో ఉండే మరో మామూలు మనిషికి నేరుగా తుపాకీ ఇవ్వకూడదు. అమ్మినా, ఉత్తపుణ్యానికి ఇచ్చినా ఒకటే. అన్నదమ్ములకూ తండ్రీకొడుకులకూ ఇందులో సడలింపు లేదు. ఎవరైనా చనిపోయాక వీలునామా ద్వారానో వారసత్వంగానో వచ్చే తుపాకీకి మాత్రం ఆ చట్టంలో మినహాయింపు ఉంది. అప్పుడు కూడా అందుకునేవారి రాష్ట్ర చట్టాన్ని పాటించాల్సిందే.

పని న్యూజెర్సీ వైపు నుంచి మొదలవ్వాలి. చాలామంది డాలస్ నుంచి మొదలుపెట్టి ఇబ్బంది పడుతుంటారు. ముందు మీ మరిదిగారి అబ్బాయి తన ఊరి పోలీసుశాఖ ద్వారా తుపాకీ కొనుగోలుదారు గుర్తింపు కార్డు, దానితో పాటు హ్యాండ్‌గన్ కొనుగోలు పర్మిట్ తీసుకోవాలి. ఒక పర్మిట్‌కి ఒకే పిస్టల్. పర్మిట్ గడువు 90 రోజులు, కావాలంటే పొడిగింపు అడగవచ్చు. అది చేతికి రాకముందే పార్సిల్ బయల్దేరితే పిస్టల్ అక్కడి డీలరు బీరువాలో పడి ఉంటుంది, దాచినందుకు అద్దె అడిగే డీలర్లూ ఉంటారు.

తర్వాత అక్కడ ఫెడరల్ లైసెన్సున్న డీలరును ఒకరిని మాట్లాడుకోవాలి. వాళ్ళ వాడుకలో ఎఫ్ఎఫ్ఎల్ అంటారు. బయటి రాష్ట్రం నుంచి వచ్చే తుపాకీని తీసుకుంటారా, ఫీజు ఎంత, మామూలు మనిషి పంపినది తీసుకుంటారా లేక డీలరు పంపినదే తీసుకుంటారా అని ముందే అడగాలి. ఒప్పుకుంటే ఆయన తన లైసెన్సు కాపీని డాలస్‌లోని డీలరుకు పంపుతారు. మీ అబ్బాయి పిస్టల్‌ని డాలస్ డీలరుకు అప్పగిస్తే ఆయన తన రిజిస్టరులో రాసుకుని న్యూజెర్సీకి పంపుతారు. మామూలు మనిషి మరో రాష్ట్రపు డీలరుకు నేరుగా పంపడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం కాదు. కానీ యూపీఎస్, ఫెడెక్స్ కొరియర్ సంస్థలు లైసెన్సుదారుల నుంచి తప్ప తుపాకులు తీసుకోవు. పోస్టు సంగతి అసలు తలపెట్టవద్దు, 1927 నాటి చట్టం మామూలు మనిషి పిస్టల్‌ని పోస్టులో పంపడాన్ని నిషేధిస్తుంది.

డీలరుకు ఇచ్చే ముందు మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బీ) తీసేసి, ఛాంబర్‌లో (పేల్చే తూటా కూర్చునే చోట) తూటా మిగల్లేదని కళ్ళతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. తూటాలు అదే పెట్టెలో పెట్టకూడదు, న్యూజెర్సీలోనే కొనుక్కోవడం మేలు. గ్లాక్ 19తో వచ్చే మామూలు మ్యాగజైన్‌లో 15 తూటాలు పడతాయి. న్యూజెర్సీలో 10కి మించి పట్టే మ్యాగజైన్ దగ్గర ఉండటమే నేరం. కాబట్టి ఆ మ్యాగజైన్లు డాలస్‌లోనే ఉంచేసి, 10 తూటాలది విడిగా కొనాలి. ఎక్కువమంది మరిచిపోయేది ఇదే.

చివరికి మీ మరిదిగారి అబ్బాయి డీలరు కొట్టులో ఫారం 4473 (తుపాకీ అందుకునేవారు నింపే ఫెడరల్ ఫారం) నింపాలి, అతని నేపథ్యాన్ని తనిఖీ చేస్తారు. అందులో నెగ్గితేనే పిస్టల్ చేతికిస్తారు. నెగ్గకపోతే అది డాలస్ డీలరుకు తిరిగి వెళుతుంది, మీ అబ్బాయి తన పిస్టల్ తాను తీసుకోవడానికీ 4473 నింపాలి.

ఆ పిస్టల్‌కి కుటుంబ జ్ఞాపకం ఏదీ ముడిపడి లేకపోతే డబ్బు పంపి, నచ్చింది అక్కడే కొనుక్కోమనడం మంచిదని మా సలహా. ఇద్దరు డీలర్ల ఫీజూ రవాణా ఖర్చూ కలిస్తే కానుక బరువైపోతుంది.

ప్రశ్న: మా మేనల్లుడు హెచ్-1బి మీద అట్లాంటాలో ఉన్నాడు. వాళ్ళన్నయ్య పిస్టల్ ఇస్తే ఇంట్లో పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: వద్దండీ. హెచ్-1బి, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీని గానీ తూటాలను గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏదైనా అమెరికా రాష్ట్రం ఇచ్చిన, గడువులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు దొరుకుతుంది. అది లేకుండా షూటింగ్ రేంజిలో సరదాకి చేతిలోకి తీసుకున్నా నేరమే. ఆయుధం కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపేయడానికి అదొక్కటే చాలు. తెలిసీ ఇచ్చిన అన్నయ్య మీదా కేసు అవుతుంది. వాళ్ళకి ఈ మాట ఇవాళే చెప్పండి.

ప్రశ్న: మావారు పోయి నాలుగు నెలలైంది. ఆయన లైసెన్సు మీద ఉన్న .32 రివాల్వరు, కొన్ని తూటాలు బీరువాలోనే ఉన్నాయి. మా అబ్బాయి బెంగళూరులో ఉంటాడు. వచ్చేవారం కారులో వచ్చి తీసుకెళ్తానంటున్నాడు.
– ఒక పాఠకురాలు, సైనిక్‌పురి

జవాబు: తీసుకెళ్ళనివ్వకండమ్మా. లైసెన్సు మీవారికి ఇచ్చినది, వారితోనే దాని పని అయిపోయింది. లైసెన్సు లేని ఆయుధంతో పట్టుబడితే, మన ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత, రెండేళ్ళకు తగ్గకుండా అయిదేళ్ళ దాకా జైలు. ఇప్పుడు మీ ఇంట్లో ఉండటమూ చిక్కే. ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీసు స్టేషన్‌లో గానీ లైసెన్సున్న ఆయుధ డీలరు దగ్గర గానీ జమ చేయాలి. మీరే సంచిలో పెట్టుకుని బయల్దేరవద్దు. ముందు స్టేషన్‌కి ఫోన్ చేసి సంగతి చెప్పి, ఎలా అప్పగించాలో వాళ్ళనే అడగండి. రసీదులో తయారీ పేరు, బోరు (గొట్టం కొలత), ఆయుధం మీది నంబరు, తూటాల లెక్క ఉండేలా చూడండి. డీలరు దగ్గరైతే నెలకింతని అద్దె ఉంటుంది, కానీ తుప్పు పట్టకుండా చూసుకుంటారు.

తర్వాత మీ అబ్బాయి వారసుడిగా లైసెన్సుకు దరఖాస్తు చేయవచ్చు. 2016 ఆయుధ నియమాల్లో 25వ నియమం ఇందుకోసమే ఉంది. అతను ఉండేది బెంగళూరు గనక దరఖాస్తు అక్కడి పోలీసు కమిషనరుకే. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మీరూ మిగతా వారసులూ మాకు అభ్యంతరం లేదని రాసిచ్చే అఫిడవిట్లు కావాలి. ఆడపిల్లల సంతకం మరిచిపోవడం వల్లే చాలా ఫైళ్ళు ఆగుతుంటాయి. వయసు 21 నిండాలి, అతని పేరున ఇప్పటికే రెండు ఆయుధాలు ఉండకూడదు.

లైసెన్సు వచ్చాక దాని చెల్లుబాటు ఏ ప్రాంతం వరకో చదవమనండి. కర్ణాటక వరకే ఉంటే ఇక్కడ రివాల్వరు అందుకుని తీసుకెళ్ళడానికి ముందుగా లిఖితపూర్వక అనుమతి తెచ్చుకోవాలి. విమానంలో తీసుకెళ్తే రివాల్వరు ఖాళీ చేసి, తూటాలు విడిగా సర్ది, చెక్-ఇన్ లగేజీలోనే, కౌంటరులో చెప్పి, ఒరిజినల్ లైసెన్సు చూపించి వేయాలి. తూటాల పరిమితి టికెట్ కొనేముందే ఆ విమాన సంస్థను అడగాలి. ఎన్నికల ప్రకటన వెలువడితే ఆయుధాలు జమ చేయమని పోలీసులు ఆదేశాలిస్తుంటారు కాబట్టి ఆ రోజుల్లో ప్రయాణం పెట్టుకోవద్దని అబ్బాయికి చెప్పండి.